కోస్తా ఎండతో కొండను కొలవొద్దు

ఏటా ఫిబ్రవరి ఆఖరులో భారత వాతావరణ శాఖ ఒక ముందస్తు అంచనా విడుదల చేస్తుంది. మార్చి నుంచి మే దాకా ఎండలు ఎలా ఉంటాయి, వడగాలులు మామూలు కంటే ఎక్కువా తక్కువా, వాన ఎంత పడొచ్చు అన్నది అందులో ఉంటుంది. మార్చి ఆఖరుకు ఏప్రిల్, మే, జూన్ నెలల అంచనా వస్తుంది. మర్నాడు పేపర్లు పెద్ద అక్షరాలతో వేస్తాయి, ఈసారి ఎండలు మండిపోతాయని. టీవీలో దేశపటం ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపులో మన కొండ ఎక్కడుందో వెతకండి. దొరకదు.

ఎందుకు దొరకదో ముందు తెలుసుకోవాలి. వాతావరణ శాఖ దేశాన్ని 36 భాగాలుగా విడగొట్టి లెక్క చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌కు అందులో రెండే భాగాలు. ఒకటి యానాంతో కలిపిన కోస్తాంధ్ర, రెండోది రాయలసీమ. తెలంగాణ మొత్తం ఒకటే భాగం. మన సీతంపేట, అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి అన్నీ కోస్తాంధ్రలో కలిసిపోయాయి. కాకినాడ రేవూ, గాలికొండా ఒకే పేరు కింద ఉన్నాయి. ఉట్నూరు, తిర్యాణి గూడేలు హైదరాబాద్‌తో పాటు ఒకే ముక్కలో ఉన్నాయి. సముద్రం ఒడ్డున తీసిన సగటుతో మన ఎండను, మన వానను చెబుతుంటే అది మన గురించి చెప్పినట్టు ఎలా అవుతుంది?

భూగోళం పాఠంలో పిల్లలకు మనమే చెబుతాం, వెయ్యి మీటర్లు పైకి పోతే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుందని. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ సముద్ర మట్టానికి దగ్గర. ఈ రెంటికీ ఒకే వేసవి ఉండదని బడి పిల్లలకు తెలుసు. అయినా బులెటిన్‌లో ఒకే వేసవి.

జిల్లా లెక్క చెప్పినా ఇదే తంతు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు శబరి ఒడ్డు చింతూరు, కూనవరం నుంచి లంబసింగి దాకా ఒకే జిల్లా అయింది. శబరి, గోదావరి లోయ రాష్ట్రంలో బాగా ఎండ కాసే చోట్లలో ఒకటి. లంబసింగి చలికి పేరుపడ్డది. ఈ రెంటినీ కలిపి ఒక జిల్లా అంచనా చెబితే అది ఏ ఊరికీ సరిపడదు. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మార్చినా కొండ ఎత్తు మారదు. మన రాష్ట్రంలో విపత్తుల సంస్థ వడగాలుల హెచ్చరిక మండలాల వారీగా ఇస్తోంది, అది మంచి పనే. కానీ అనంతగిరి మండలం చూడండి. ఘాట్ కింద కాశీపట్నం వైపు ఊళ్లు ఒక ఎత్తున, గాలికొండ వైపు ఊళ్లు ఇంకో ఎత్తున ఉన్నాయి. కింద ఉక్కపోస్తుంటే పైన దుప్పటి కప్పుకుంటారు. మండలం పేరు ఒక్కటే.

చలికాలంలో మాత్రం మనం బాగా కనిపిస్తాం. డిసెంబరు వచ్చిందంటే చింతపల్లిలో ఎన్ని డిగ్రీలు, లంబసింగిలో ఎన్ని డిగ్రీలు అని రోజూ పేపర్లో వస్తుంది. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం లెక్క రాష్ట్రమంతా చదువుతుంది. మంచు చూడటానికి కార్లు బారులు తీరతాయి. ఫిబ్రవరి దాటాక ఆ కార్లు ఉండవు, ఆ లెక్కా పేపర్లో ఉండదు. అదే చింతపల్లి, అదే థర్మామీటరు. చలి చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం డిగ్రీలు చెప్పగలిగినప్పుడు, కొండ మీద బతికేవాళ్ల కోసం మార్చిలో ఎందుకు చెప్పరు?

"కొండ మీద ఎండేమిటండీ, మీకు దేవుడిచ్చిన ఏసీ కదా" అని నవ్వేవాళ్లున్నారు. వాళ్లకు వాతావరణ శాఖ నియమమే జవాబు. వడగాలి అని ప్రకటించాలంటే మైదానంలో కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37, కొండ ప్రాంతంలో 30 డిగ్రీలు చేరాలి. ఆ రోజుకు ఉండాల్సిన మామూలు వేడి కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువగా కూడా ఉండాలి. అంటే కొండకు వేరే కొలత కావాలని ఆ శాఖే రాసుకుంది. కొండ మీద ఒళ్లు, పశువు, చెట్టు అన్నీ చల్లదనానికి అలవాటు పడినవి. అక్కడ 36 డిగ్రీలంటే కింద 36 లాంటిది కాదు. మన దాకా వచ్చే బులెటిన్లలో, మనం చదివే పేపర్లలో 'కొండ ప్రాంతాల్లో వడగాలి' అనే మాట మీరు ఎన్నిసార్లు చూశారు? నియమం ఉంది, మన పేరు మీద దాన్ని వాడటం లేదు.

ఇక అంచనా అంటే ఏమిటో కూడా మనం సరిగ్గా చదవాలి. టీచర్లు ఈ ఒక్క పాఠం చెప్పినా చాలు. గడిచిన ఏళ్లను వేడి ఎక్కువైనవి, మధ్యస్థం, తక్కువైనవి అని మూడు సమాన గుంపులు చేస్తారు. ఏమీ తెలియకపోతే ఒక్కో గుంపుకు 33 శాతం అవకాశం. సముద్రాల వేడి, గాలులు చూసి, ఈసారి ఏ గుంపు అవకాశం పెరిగిందో చెప్పడమే అంచనా. 'ఎక్కువ ఎండకు 55 శాతం' అన్నారంటే ఇంకా 45 శాతం మరో దారి మిగిలే ఉంది. పేపరు ఆ 45 శాతాన్ని తీసేసి 'నిప్పుల కుంపటి' అని రాస్తుంది.

2025నే చూడండి. ఆ ఫిబ్రవరి దేశంలో 1901 తర్వాత అన్నిటికంటే వేడి ఫిబ్రవరి అని వాతావరణ శాఖ చెప్పింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చాలా చోట్ల మామూలు కంటే ఎండ ఎక్కువ ఉంటుందని మార్చి ఆఖరులో అంచనా ఇచ్చింది. తీరా మే నెలలో దేశం మొత్తం మీద 1901 తర్వాత ఏ మే నెలలోనూ పడనంత వాన పడింది. రుతుపవనాలు మే 24నే కేరళ చేరాయి. అంచనా అబద్ధమాడిందని మనం అనడం లేదు. అది అవకాశాల లెక్క. కానీ ఎండలకు సిద్ధపడమని ఒక్క మాట చెప్పి వదిలేస్తే, వాన వచ్చిన రోజున మనిషి వాకిట్లో ఆరబోసిన పంటతో సహా తడుస్తాడు. మూడు నెలల అంచనా ఇచ్చినవాళ్లు వారం వారం దాన్ని సరిదిద్ది మన ఊరి దాకా తేవాలి. మన గొడవంతా అక్కడే ఉంది.

ఎందుకంటే వేసవి మొదలు అంటే మైదానానికి పంట ఇంటికి చేరిన కాలం. మనకు పని నెత్తిన పడే కాలం.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఏరి ఎండలో ఆరబెట్టాలి. మధ్యలో వాన తగిలితే నల్లబడి బూజు పడుతుంది. చింతపండు దులిపి, పెంకు తీసి, గింజ తీసి ఆరబెట్టే రోజులు ఇవే. తడిసిన చింతపండుకు సంతలో వ్యాపారి ఎంతంటే అంతే. పసుపు తవ్వి ఉడకబెట్టాక రెండు వారాలైనా మంచి ఎండ కావాలి. జీడిమామిడి పూత మీద మబ్బు కమ్మితే పురుగు చేరుతుంది. గోదావరి వైపు కోయ, కొండరెడ్డి ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోస్తారు. వడగళ్లు పడితే ఆకు చిల్లులు పడుతుంది, చిల్లుల ఆకును కల్లంలో తీసుకోరు. పోడు నరికినవాళ్లకు తుప్పలు ఎండాలి, గాలి లేని రోజు చూసి కాల్చాలి. గాలి తిరిగితే మంట పక్క అడవిలోకి పోతుంది. ఆ తర్వాత తొలకరికి చోళ్లు, సామలు, కందులు చల్లాలి. ఇన్ని పనుల్లో ఒక్కదానికైనా 'సాధారణం కంటే రెండు నుంచి మూడు డిగ్రీలు అధికం' అన్న వాక్యం పనికొస్తుందా?

కాఫీ సంగతి ఇంకా స్పష్టం. మన కొండల్లో లక్ష ఎకరాలకు పైగా కాఫీ ఉంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీ మొగ్గ కట్టి వాన కోసం ఆగి ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన, సుమారు 25 మిల్లీమీటర్లు దాటి పడితే, ఎనిమిది పది రోజులకు తోటంతా తెల్లగా పూస్తుంది. చాలీచాలని జల్లు పడితే మొగ్గ సగం విచ్చుకుని మాడిపోతుంది. పూసిన రోజునే వాన కొడితే పిందె తగ్గుతుంది. పిందె నిలవాలంటే కొన్ని వారాల్లో మరో వాన కావాలి. ఏడాది కాపు ఈ రెండు వానల మీద నిలబడి ఉంది. అరకు కాఫీ అని ప్యాకెట్ మీద పేరు వేసి అమ్ముకునే రాష్ట్రం, ఆ పేరు నిలబెట్టే రెండు వానల గురించి మన రైతుకు ముందుగా చెప్పాలా వద్దా?

అన్నిటికంటే పెద్దది ప్రాణం. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం దాటాక మన కొండల మీద మబ్బు ఎందుకు లేస్తుందో పిల్లలకు చెప్పాలి. బంగాళాఖాతం నుంచి తేమగాలి వస్తుంది. లోపలి నుంచి వేడి పొడిగాలి వస్తుంది. కొండ చరియ ఎండకు కాగి గాలిని పైకి తోస్తుంది. రెండు మూడు గంటల్లో మబ్బు గోపురంలా లేచి పిడుగులు, వడగళ్లు కురిపిస్తుంది. ఆ వేళకు మనవాళ్లు ఎక్కడుంటారు? పశువుల వెంట, జీడితోటలో, అడవిలో. దేశంలో ఏటా రెండున్నర వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. వడగాలి కంటే ఇది మన దగ్గరి శత్రువు. పేపర్ల వేసవి అంచనాలో దీని గురించి ఒక్క వాక్యం ఉంటే గొప్ప.

హెచ్చరిక రావడం లేదని కాదు. ఫోనుకు మెసేజీ వస్తుంది. దామిని అనే యాప్ ఉంది, చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. కానీ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్లు మనవి. పిడుగు వేళ గుట్ట ఎక్కి మెసేజీ చూసుకోమంటారా? విశాఖపట్నంలో డాప్లర్ రాడార్ ఉంది. రాడార్ కిరణం సూటిగా పోయేది, కొండ వెనుక పల్లంలో కింద లేచే మబ్బు దానికి చాటవుతుంది. కాబట్టి మన లోయల్లో నేల మీద కొలిచే యంత్రాలు మైదానం కంటే దగ్గర దగ్గరగా ఉండాలి. మండలానికి ఇన్ని అన్న మైదానం లెక్క మన దగ్గర చెల్లదు. ఎత్తుకు ఒకటి, లోయకు ఒకటి కావాలి.

ఇక భాష. ద్రోణి, ఉపరితల ఆవర్తనం, ఆరెంజ్ అలర్ట్, సాధారణ ఉష్ణోగ్రత. ఈ మాటలు తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకే అంతంతమాత్రంగా అర్థమవుతాయి. కువి మాట్లాడే ముసలమ్మకు, ఆదివాసీ ఒడియా మాట్లాడే పశువుల కాపరికి, సవర ఊరికి ఏం అర్థమవుతాయి? 2004లోనే మన రాష్ట్రంలో కువి, సవర, కోయ, కొండ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామి, బంజారా భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు మాతృభాషా విద్య మొదలుపెట్టారు. పాఠం రాయగలిగిన భాషలో పిడుగు హెచ్చరిక రాయలేమా? 'ఈ రోజు మధ్యాహ్నం ఉరుములు, చెట్టు కిందకు పోవద్దు, పశువులను తొందరగా తోలుకు రండి.' ఇంతే. ఇందులో అనువదించలేని మాట ఏముంది?

వ్యవసాయ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. వాటిని జిల్లా స్థాయిలో స్థానిక పంటలకు తగ్గట్టు తయారు చేయడానికి కృషి విజ్ఞాన కేంద్రాల్లో 199 జిల్లా యూనిట్లు పెట్టారు. 2024లో వాటిని మూసేశారు. సలహా పల్లెకు దగ్గరవ్వాల్సిన కాలంలో వెనక్కి పోయింది. ఇది ఎవరికి నష్టమో వేరే చెప్పాలా? పెద్ద రైతుకు ఫోనులో నలుగురు సలహాదారులు ఉంటారు. మనకు ఉన్నదల్లా ఆ ఒక్క సలహా.

బడి గంట కూడా మైదానం ఎండ చూసే మోగుతోంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులంటారు. కింద అది న్యాయమే. పైన ఊళ్లలో మార్చి పొద్దున ఇంకా మంచు దిగుతుంటుంది. పిల్లలు చలికి ముడుచుకుని తెల్లారగానే గెడ్డలు దాటి నడవాలి. ఉరుముల వేళకు ముందే పిల్లలు ఇల్లు చేరడం మంచిదేనని ఎవరైనా అనొచ్చు, అందులో నిజముంది. మనం అడిగేది ఒక్కటే, ఆ వేళ ఎప్పుడన్నది కొండను చూసి తేల్చండి.

నీళ్ల మాట కూడా ఈ అంచనాలో ఉండాలి. కొండ ఊరికి ఊట నీరే ప్రాణం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జల్లు పడిందా లేదా అన్నదాన్ని బట్టి ఏప్రిల్‌లో ఊట ఎంత సన్నబడుతుందో తెలుస్తుంది. సన్నబడితే ఆడవాళ్ల నడక పెరుగుతుంది. ఎండాక పడిన తొలి వానకు కొండ మీది మురికి కడుక్కుని గెడ్డలోకి దిగుతుంది, వాంతులు విరేచనాలు అప్పుడే మొదలవుతాయి. వాన వస్తుందని రెండు రోజుల ముందు తెలిస్తే ఆశా కార్యకర్త క్లోరిన్ బిళ్లలు ఇంటింటికీ ఇవ్వగలదు. వచ్చాక తెలిస్తే డోలీ కట్టాలి.

ఇక్కడ మనలోని కొందరితో కూడా మాట్లాడాలి. "మన పెద్దలకు అన్నీ తెలుసు, యంత్రాలు మనకెందుకు" అనేవాళ్లున్నారు. పెద్దలకు తెలుసన్నది నిజం. ఇటుకల పండుగ, భూమి పండుగ ఊరికే పుట్టలేదు. విత్తనాన్ని పూజించి, నేలను అడిగి, ఊరంతా కలిసి కాలాన్ని తూకం వేసే పద్ధతి అది. రేల ఎప్పుడు పూసింది, ఇప్ప ఎప్పుడు రాలింది, చీమలు గుడ్లు ఎప్పుడు మోశాయి అని చూడటం శాస్త్రమే. కానీ ఆ గుర్తులన్నీ ఒక వరసలో వచ్చే కాలంలో తయారైనవి. 1901 తర్వాత వేడి మార్చి 2022లో, వేడి ఫిబ్రవరి 2025లో వచ్చాక చెట్టు కూడా తడబడుతోంది. గుర్తును పాటలో పెట్టి పొగిడితే చాలదు. ఏ ఏడు ఎప్పుడు కనిపించిందో రాసిపెడితేనే అది ఇంకా నమ్మదగ్గదో కాదో తేలుతుంది. యంత్రాన్ని కాదనడమూ పెద్దలను కాదనడమూ రెండూ మనకు నష్టమే.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. వేసవి అంచనాలో, వారం సలహాలో తూర్పు కనుమల ఎత్తు ప్రాంతాన్ని కోస్తా నుంచి విడిగా చెప్పాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎప్పటినుంచో ఎత్తైన గిరిజన మండలం అని వేరే వ్యవసాయ మండలాన్ని గుర్తించింది. పంటకు వేరే మండలం ఉండగా వానకు ఎందుకు ఉండదు? కొండ ప్రాంతపు వడగాలి కొలతను మన ఊళ్లకు పేరుపెట్టి వర్తింపజేయాలి. లోయల్లో, ఎత్తుల్లో వాన, వేడి కొలిచే కేంద్రాలు పెంచి, ఆ లెక్కలు గ్రామ సచివాలయం గోడ మీద రోజూ రాయాలి. హెచ్చరిక మన భాషల్లో గొంతుతో రావాలి. సిగ్నల్ లేని ఊరికి మైకు, బడి గంట, చాటింపు ఉండాలి.

అడుగుతూనే మనం చేయాల్సినది ఉంది. టీచర్లారా, యువతీ యువకులారా, బడికి ఒక వాన కొలత పెట్టండి. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా చాలు. చెట్టుకు, ఇంటికి దూరంగా, వాటి ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టండి. రోజూ ఉదయం 8.30కి స్కేలుతో ఎన్ని మిల్లీమీటర్లుందో చూసి నీళ్లు పారబోయండి. దేశమంతా వాన కొలిచే వేళ అదే. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు అని పిల్లలే లెక్క కడతారు. థర్మామీటరు దొరికితే నీడలో, గాలి ఆడేచోట, నేలకు నాలుగు అడుగుల ఎత్తున కట్టండి. పక్కనే ఇంకో గడి గీయండి: ఊట ఎంత ఉంది, ఇప్ప రాలిందా, కాఫీ పూసిందా, ఉరుము ఎన్నింటికి. ఆ గడి పెద్దవాళ్లను అడిగి నింపాలి. వేసవి సెలవుల్లో రిజిస్టరు ఊళ్లో చదువుకున్న ఒకరి చేతికి ఇవ్వండి, ఎందుకంటే మన అసలు వేసవి సెలవుల్లోనే నడుస్తుంది.

మెరుపు చూశాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మన దాకా వచ్చినట్టే. చెట్టు కింద, ఎత్తు మీద ఉండకుండా గట్టి కట్టడంలోకి పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఈ మూడు వాక్యాలు మీ ఊరి భాషలోకి మార్చి బడి గోడ మీద ఈ నెలలోనే రాయండి. దీనికి ఎవరి జీవో అక్కర్లేదు.

పది ఊళ్ల రిజిస్టర్లు ఐదేళ్లు నిండితే, మన కొండ వేసవి కోస్తా వేసవి కాదని చెప్పడానికి మనం బతిమాలనక్కర్లేదు. తేదీలతో, మిల్లీమీటర్లతో కాగితాలు బల్ల మీద పెడతాం. అప్పుడు 'డేటా లేదు' అన్న జవాబు చెల్లదు. మన నేలను మన పేరు లేకుండా కొలిచి, మన అడవిని మనకు తెలియకుండా రాసుకున్న చరిత్ర మనకు తెలుసు. మన ఆకాశాన్ని కూడా అలా పోనివ్వకూడదు.